నడుము వంగిన స్త్రీ కథ పిల్లలకు ఎలా చెప్పాలి? యేసు అద్భుతాల మీద ఒక ప్రశ్న

చండూరు_టీచరమ్మ | శనివారం, రాత్రి 9:10

అందరికీ వందనాలు, నమస్కారాలు. మా చర్చిలో సండే స్కూల్ పెద్ద పిల్లల క్లాసు నాది, ఎనిమిది నుంచి పదో తరగతి వాళ్లు. ఈ నెల పాఠాలన్నీ యేసు చేసిన అద్భుతాల మీదే. పోయిన వారం లూకా 13వ అధ్యాయం చెప్పాను. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి, తల ఎత్తలేని స్త్రీని సమాజమందిరంలో యేసు చూసి పిలిచి, చేతులుంచి నిలబెట్టిన కథ.

పాఠం అయిపోయాక ఒక పిల్ల లేచి, "టీచర్, మా నానమ్మ నడుము కూడా అట్లనే వంగింది. నేను పుట్టక ముందు నుంచి ప్రార్థన చేస్తుంది. ఆమెది ఎందుకు సక్కగ కాలేదు?" అని అడిగింది. మా దిక్కు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసే సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు అంతా అదే కథ. క్లాసులో చాలామంది ఇండ్లల్లో అలాంటి పెద్దవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్న ఒక్క పిల్లది కాదని వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసింది.

మా సంఘంలో ఒకరిని అడిగితే "విశ్వాసం చాలలేదని చెప్పు" అన్నారు. చిన్నపిల్లకు నేను ఆ మాట చెప్పను. మరేం చెప్పాలి? నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు ఎవరైనా సలహా ఇవ్వండి.

సాక్షి_కల్వకుర్తి | 9:31

వందనాలు సిస్టర్. వాక్యం స్పష్టంగా ఉంది. మార్కు 16:17-18 చదవండి. నమ్మినవారు రోగుల మీద చేతులుంచితే వారు స్వస్థత పొందుతారని ప్రభువే చెప్పాడు. యేసు క్రీస్తు నిన్న, నేడు, నిరంతరం ఒక్కటే రీతిగా ఉన్నాడు. స్వస్థత రాలేదంటే లోపం మన వైపే. ఉపవాస ప్రార్థన పెట్టించండి.

లాజిక్_సూర్యాపేట | 9:48

టీచరమ్మా, నేను నమ్మను. అయినా అడిగారు కాబట్టి చెప్తున్నా. ఆ పిల్ల అడిగింది తరగతిలో అందరికంటే తెలివైన ప్రశ్న.

కల్వకుర్తి అన్నా, అదే 18వ వచనం మొదట్లో "పాములను ఎత్తి పట్టుకొందురు, మరణకరమైనది ఏది త్రాగినను అది వారికి హాని చేయదు" అని కూడా ఉంది. దాన్ని ఎవరూ సభల్లో చేసి చూపరు. పైగా మార్కు 16లో 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు బైబిల్ రాతప్రతులైన సినాయ్ ప్రతిలోనూ, వాటికన్ ప్రతిలోనూ లేవు. వాటిలో మార్కు సువార్త 8వ వచనంతోనే, యేసు సమాధి దగ్గరికి వచ్చిన స్త్రీలు భయపడి పారిపోవడంతోనే ముగుస్తుంది. ఒక ముసలమ్మ విశ్వాసాన్ని తూచడానికి మీరు వాడుతున్న రాయి అది.

అచ్చంపేట_అయ్యగారు | 10:20

లాజిక్ బాబు చెప్పిన రాతప్రతుల సంగతి నిజమే. సెమినరీలో మేమూ చదువుకున్నాం. దానికి నా విశ్వాసం కదలలేదు. నాకు రిటైర్మెంట్ అయి చాలా కాలమైంది, రాత్రిపూట నిద్ర తక్కువ, అందుకే పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అమ్మా, లూకా 13లో ఒక సంగతి గమనించు. ఆ స్త్రీ యేసును ఏమీ అడగలేదు. స్వస్థత కోసం వచ్చినట్టు కూడా రాయలేదు. విశ్రాంతిదినాన అందరిలాగే మందిరానికి వచ్చింది. ఆయనే చూశాడు, ఆయనే పిలిచాడు. "నీకు విశ్వాసం ఉందా" అని అడిగిన మాట ఆ కథలో ఎక్కడా లేదు. లూకా 7లో నాయీను విధవరాలిదీ అంతే. కొడుకు శవం వెంట ఏడుస్తూ పోతోంది, ఏ మొక్కూ మొక్కలేదు, ఆయన పాడెను ముట్టాడు. యోహాను 5లో బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్ల రోగికైతే తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు, 13వ వచనంలో ఉంది చూడు. మార్కు 2లో పైకప్పు విప్పి మంచాన్ని దింపిన పక్షవాయువు గలవాని విషయంలో "వారి విశ్వాసము చూచి" అని ఉంది. మోసుకొచ్చినవాళ్ల విశ్వాసాన్నే ముందు లెక్కలోకి తీసుకున్నాడన్నమాట.

"నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్న చోట్లూ ఉన్నాయి, కాదనను. రక్తస్రావం గల స్త్రీతో అన్నాడు, యెరికోలో గుడ్డి బర్తిమయితో అన్నాడు. బాగుపడినవాళ్లను మెచ్చుకున్న మాట అది. బాగుపడనివాళ్లను తిట్టడానికి దాన్ని ఆయన వాడలేదు. శిష్యులను మాత్రం అల్పవిశ్వాసులారా అని చాలాసార్లు మందలించాడు. అంటే ఆ మాట పడాల్సింది రోగి కాదు, మాలాంటి బోధకులు.

గద్వాల_కుర్రోడు | 10:34

అయ్యగారూ సూపర్. నేను బైబిల్ క్విజ్ కోసం ఇవన్నీ బట్టీ పట్టిన గానీ ఇట్ల ఎప్పుడూ ఆలోచించలే.

జడ్చర్ల_నర్స్ | 11:02

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. టీచర్ గారూ, ముందు ఒక మాట. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ ముదిరి వెన్ను బిగుసుకుపోతే, దాన్ని వెనక్కు తిప్పే మందు లేదు. నొప్పి తగ్గించవచ్చు, కొత్తగా ముదరకుండా మంచినీళ్లు, క్యాల్షియం ఉన్న తిండి చూడవచ్చు. ఆ పిల్లకు నానమ్మ గురించి ఈ నిజం ఎవరో ఒకరు మెల్లగా చెప్పాలి. అది దేవుడు వేసిన శిక్ష కాదు, బోరు నీళ్లలో కలిసొచ్చిన ఖనిజం.

రెండోది, కల్వకుర్తి అన్నకు. మా బంధువు ఒకామె స్వస్థత సభకు పోయి వచ్చి బీపీ గోలీలు ఆపేసింది. సాక్ష్యం కూడా చెప్పింది. కొన్నాళ్లకే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. నేనూ చర్చికి పోయేదాన్నే, రోజూ వార్డులోకి పోయే ముందు ప్రార్థన చేసుకునే పోతా. అయినా గోలీలు ఆపమన్న నోటిని మాత్రం క్షమించలేను.

ఫిట్స్ సంగతి కూడా చెప్పాలి. మత్తయి 17లో తండ్రి తీసుకొచ్చిన పిల్లవాడు నిప్పులో నీళ్లలో పడిపోతుంటాడు. మార్కు 9లో నురుగు కక్కడం, పళ్లు కొరకడం, కొయ్యబారిపోవడం అన్నీ రాసి ఉన్నాయి. చదివితే మా కేస్ షీటులాగే ఉంటుంది. ఆ కథ చదివి, ఫిట్స్ వచ్చే పిల్లలందరికీ దయ్యం పట్టిందనే ఇండ్లు ఇప్పటికీ ఉన్నాయి. క్లాసులో ఆ పాఠం వస్తే, ఫిట్స్‌కు మందులున్నాయని, డాక్టరు ఆపమనేదాకా ఆపొద్దని తప్పకుండా చెప్పండి.

సాక్షి_కల్వకుర్తి | 11:15

సిస్టర్, మందులు ఆపమని నేను అనలేదు. దేవుడు చేసిన మేలును చిన్నచూపు చూడొద్దు అంటున్నా. నా కడుపునొప్పి ప్రార్థనతోనే పోయింది, అది నా సాక్ష్యం. దాన్ని ఎవరూ కాదనలేరు.

లాజిక్_సూర్యాపేట | 11:22

కాదనను అన్నా. కడుపునొప్పులు చాలావరకు వాటంతటవే పోతాయి. నేనడిగేది వేరే. తెగిన కాలు మొలిచిందన్న సాక్ష్యం ఏ సభలోనూ ఎందుకు వినపడదు?

మిర్యాలగూడ_వకీల్ | ఆదివారం, ఉదయం 6:40

చట్టం సంగతి ఒక్క ముక్క. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం మంత్రం, తాయెత్తు లాంటివాటితో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం నేరం. షెడ్యూల్లో క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ, పక్షవాతం, గుడ్డితనం, చెవుడు అన్నీ ఉన్నాయి. చట్టానికి మతంతో పనిలేదు, ఏ దేవుడి పేరుతో చేసినా ఒకటే. ప్రార్థన చేసుకోవడం మీద ఏ నిషేధమూ లేదు. పోస్టరు వేసి గ్యారంటీ ఇచ్చిన దగ్గరే చిక్కు మొదలవుతుంది.

గుట్ట_భక్తుడు | 7:25

నేను హిందువును, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా యాదగిరిగుట్ట నరసింహస్వామిని వైద్య నరసింహుడు అంటారు. రోగాలున్నవాళ్లు మండలం రోజులు కొండ మీద ఉండి ప్రదక్షిణలు చేసే ఆచారం ఉంది. మా నాయనమ్మ కీళ్ల నొప్పులకు గుట్ట మీద ఉండి వచ్చింది. తర్వాత జాన్‌పహాడ్ దర్గాకూ పోయి మొక్కింది. మా ఊళ్లో చర్చిలో నూనె రాస్తారంటే అక్కడికీ పోయేది పాపం. అన్నిచోట్లా బాగుపడినవాళ్లను చూశానని చెప్పేది. మీ కథ ఒక్కటే నిజం, మిగతావన్నీ భ్రమ అని ఎవరైనా అంటే ఆ లెక్క నాకు అర్థం కాదు.

లాజిక్_సూర్యాపేట | 8:05

గుట్ట అన్న అసలు గుట్టు పట్టాడు. దీనికి రోమా చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. టాసిటస్ అనే చరిత్రకారుడు, ఆయనతోపాటు సుయటోనియస్ కూడా, వెస్పాసియన్ చక్రవర్తి అలెగ్జాండ్రియాలో ఒక గుడ్డివాడికి ఉమ్మి రాసి చూపు తెప్పించాడని రాశారు. సుమారు క్రీ.శ. 70 నాటి మాట, అంటే చాలామంది పండితులు మార్కు సువార్తకు వేసే కాలం అదే. మార్కు 8లో యేసు కూడా బేత్సయిదాలో గుడ్డివాడి కళ్ల మీద ఉమ్మి వేశాడు. వెస్పాసియన్ అద్భుతం చూసినవాళ్లు, అబద్ధమాడితే ఒరిగేదేమీ లేని రోజుల్లోనూ అదే చెప్తున్నారని టాసిటస్ అంటాడు. చదువుకున్న చరిత్రకారుడు, కళ్లారా చూసిన సాక్షులు. అయ్యగారూ, అది నమ్ముతారా? నమ్మకపోతే ఏ కొలతతో?

అచ్చంపేట_అయ్యగారు | ఆదివారం, మధ్యాహ్నం 2:30

ఆరాధన అయిపోయి భోజనం చేసి కూర్చున్నాను. మంచి ప్రశ్న, తప్పించుకోను.

టాసిటస్ రాసింది పూర్తిగా చెప్పు బాబూ. వెస్పాసియన్ మొదట నవ్వి కొట్టిపారేశాడు. తర్వాత వైద్యులను అడిగాడు. ఆ మనిషి చూపు పూర్తిగా పోలేదని, అడ్డు తొలగితే రావచ్చని వాళ్లు అన్నారు. ఫలిస్తే కీర్తి చక్రవర్తిది, ఫలించకపోతే నవ్వులపాలయ్యేది ఆ దిక్కులేనివాళ్లు అన్న లెక్క కూడా అక్కడే ఉంది. కొత్తగా సింహాసనం ఎక్కబోయేవాడికి అలాంటి కథ ఎంత అవసరమో నీకు నేను చెప్పాలా?

ఇప్పుడు మార్కు 8 చూడు. ఉమ్మి వేసి చేతులుంచి "ఏమైనా కనబడుచున్నదా" అని యేసు అడిగాడు. వాడు మనుషులు చెట్లలాగా నడుస్తున్నట్టు కనబడుతున్నారన్నాడు. రెండోసారి చేతులుంచితే గానీ సరిగ్గా కనబడలేదు. ఒక దేవుణ్ణి గొప్ప చేయడానికి కథ అల్లేవాడు మొదటిసారి సగమే పనిచేసిందని రాస్తాడా? మత్తయి, లూకా ఈ కథను వాళ్ల సువార్తల్లో పెట్టలేదు. మార్కు 6:5లో నజరేతులో కొద్దిమంది రోగులను స్వస్థపరచడం తప్ప మరే అద్భుతమూ చేయలేకపోయాడని ఉంది. మత్తయి దాన్ని "చేయలేదు" అని మెత్తగా చేశాడు. చివరికి తాను గ్రామం బయటికి తీసుకెళ్లి బాగుచేసిన ఆ బేత్సయిదా గుడ్డివాణ్ణి కూడా "ఊళ్లోకి పోవద్దు" అని ఇంటికి పంపేశాడు. ప్రచారం కోసం చేసినవాడి తీరు కాదది.

దీంతో నీకు రుజువైందని అనను. నాకు ఆ రాతలో నిజాయితీ కనబడుతుంది, అంతే. గుట్ట అన్నయ్యకు కూడా: మీ నాయనమ్మ కళ్లారా చూశానన్నదాన్ని నేను భ్రమ అనను. ఎవరి మేలు ఎక్కడి నుంచి వచ్చిందో తీర్పు చెప్పే కుర్చీ నాది కాదు.

లాజిక్_సూర్యాపేట | 3:10

ఒప్పుకుంటా, ఆ రెండు దశల స్వస్థత కథ నాక్కూడా మింగుడు పడదు. కల్పించేవాడు అలా కల్పించడు. అంటే యేసు రోగులను ముట్టి బాగుచేస్తాడని ఆయన బతికుండగానే జనం అనుకునేవాళ్లు అన్నంతవరకు నేను వస్తా. యూదుల మతగ్రంథం తల్ముద్ కూడా ఆయన మంత్రవిద్య చేశాడని తిట్టింది, ఏమీ చేయలేదని అనలేదు. కానీ అక్కడి నుంచి నీళ్లు ద్రాక్షారసం కావడం, నీళ్ల మీద నడవడం దాకా నేను రాలేను. 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అన్నదే నా మాట: సాక్ష్యం అబద్ధం కావడం ఆ అద్భుతం కంటే కూడా పెద్ద వింతగా ఉంటేనే నమ్మాలి.

పైగా కథల్లో తేడాలు. యెరికోలో మార్కు, లూకాలకు ఒక గుడ్డివాడు, మత్తయికి ఇద్దరు. మార్కులో ఊరు దాటిపోతుంటే, లూకాలో ఊరికి వస్తుంటే. దయ్యాలు పందుల్లో చొరబడితే అవి సరస్సులో పడి చచ్చిన కథ మార్కులో గెరాసేనుల దేశంలో, మత్తయిలో గదరేనీయుల దేశంలో. గెరాస అంటే ఇప్పటి జోర్డాన్‌లోని జెరాష్, సరస్సుకు యాభై కిలోమీటర్ల దూరం. రెండువేల పందులు అంత దూరం ఉరికి నీళ్లలో పడ్డాయా?

గద్వాల_కుర్రోడు | 3:18

😂 పందుల మారథాన్

అచ్చంపేట_అయ్యగారు | 3:40

నవ్వండి నవ్వండి. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు కూడా ఇదే పట్టుకుని, సరస్సు ఒడ్డునే ఉన్న గెర్గెస అయి ఉండాలన్నాడు. మనకు కొత్తగా దొరికిన తప్పులు కావవి. తేడాలున్నాయి, నేను పూతలు పూయను.

పాత_మోట | 4:05

తొలగించబడింది.

మోడరేటర్ | 4:12

మతమార్పిడుల గొడవకు వేరే చోటు ఉంది. ఇక్కడ టీచరమ్మ అడిగిన ప్రశ్నకు సంబంధం ఉంటేనే రాయండి. ఇంకోసారి హెచ్చరిక ఉండదు.

గద్వాల_కుర్రోడు | 4:30

నాకు నచ్చిన అద్భుతం ఐదు రొట్టెలతో ఐదువేల మందికి తిండి పెట్టినది. పునరుత్థానం కాకుండా నాలుగు సువార్తల్లోనూ ఉన్న ఒకే ఒక్క అద్భుతం అది. మత్తయి 14, మార్కు 6, లూకా 9, యోహాను 6. అవి యవల రొట్టెలని, తెచ్చింది చిన్నపిల్లవాడని యోహాను ఒక్కడే చెప్తాడు. అప్పట్లో యవలు పేదల తిండి. మా పాలమూరులో బియ్యం రాకముందు జొన్నరొట్టె ఎట్లనో అట్ల.

శిష్యుడు ఫిలిప్పు లెక్క చూడండి. రెండువందల దేనారాల రొట్టెలైనా తలా కొంచెం కూడా రావు అంటాడు. మత్తయి 20లో ద్రాక్షతోట కూలివాళ్లకు రోజుకు ఒక దేనారం. రోజు కూలి 500 అనుకుంటే రెండువందల రోజులకు లక్ష రూపాయలు. పురుషులే ఐదువేల మంది. తలకు 20 రూపాయలు. ఒక చాయ్, ఒక బన్ను. ఫిలిప్పు లెక్క కరెక్టే, అది కూడా సరిపోదు! వలసకు పోయే మేస్త్రీ దగ్గర లెక్కలు చూసిన ఇంట్లో పుట్టిన, అందుకే ఈ వచనం దగ్గర నాకు మజా వస్తది.

చండూరు_టీచరమ్మ | 5:15

తమ్ముడూ, ఈ లెక్క పిల్లలకు తప్పకుండా చెప్తా. నీళ్లు ద్రాక్షారసమైన కానా పెళ్లి గురించి కూడా ఎవరైనా ఇలా చెప్పండి, తర్వాతి పాఠం అదే.

గద్వాల_కుర్రోడు | 5:32

ఆరు రాతి బానలు, ఒక్కోటి రెండు మూడు తూములు. తూము అంటే అక్కడ దాదాపు 39 లీటర్ల కొలత. మొత్తం 450 నుంచి 700 లీటర్లు. రాతి బానలే ఎందుకంటే, యూదుల ఆచారంలో మట్టి పాత్రకు మైల అంటితే పగలగొట్టాలి, రాతి పాత్రకు మైల అంటదు. 2017లో నజరేతు దగ్గర రెయినాలో ఆ కాలం నాటి సుద్దరాతి పాత్రలు చెక్కిన గుహ తవ్వకాల్లో బయటపడింది. కానా కూడా ఆ దగ్గర్లోనే.

లాజిక్_సూర్యాపేట | 5:40

బానలు నిజమని నేనూ నమ్ముతా. లోపలి సరుకు దగ్గరే నా అనుమానం.

జడ్చర్ల_నర్స్ | 8:50

అసలు ప్రశ్నకు వద్దాం. ఆ పిల్లకు ఏం చెప్పాలి? అయ్యగారూ, బాగుపడనివాళ్ల కథలు బైబిల్లో లేవా? అవి ఎవరూ సభల్లో చెప్పరెందుకు?

అచ్చంపేట_అయ్యగారు | 9:25

ఉన్నాయమ్మా. టీచరమ్మ అడగగానే నేను మొదట ఇవే రాయాల్సింది, మాటల్లో పడి పక్కకు పోయాం.

అపొస్తలుడైన పౌలును తీసుకో. అపొస్తలుల కార్యములు 19:12లో ఆయన శరీరానికి తగిలిన చేతిరుమాళ్లు తెచ్చి వేస్తేనే రోగాలు పోయాయని ఉంది. ఆ పౌలుకే శరీరంలో ఒక ముల్లు ఉండేది. ఏ రోగమో రాయలేదు. మూడుసార్లు తీసేయమని వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, 2 కొరింథీయులకు 12వ అధ్యాయం. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఏ బోధకుడైనా అనగలడా?

తర్వాత ఆయన చుట్టూ ఉన్నవాళ్లను చూడు. త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వచ్చానని రాశాడు, 2 తిమోతి 4:20. తిమోతికి కడుపు బాగుండదు. రుమాలు పంపించలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అన్నాడు. ఎపఫ్రొదితు చావు దాకా పోయి వచ్చాడు, అందాకా పౌలు దుఃఖంతోనే ఉన్నాడు. పాత నిబంధనలో హిజ్కియా రాజు రోగానికి యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు, 2 రాజులు 20:7. ప్రార్థన ఉంది, పట్టు కూడా ఉంది. ఒకదానికొకటి పోటీ అని అక్కడ ఎవరూ అనుకోలేదు.

ఇంకొకటి, నువ్వు పిల్లలకు గట్టిగా చెప్పాల్సింది. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు "వీడు పాపం చేశాడా, వీని కన్నవారా" అని అడిగారు. ఇద్దరూ కాదన్నాడు. లూకా 13లోనే, నీ వంగిన స్త్రీ కథకు కాస్త పైన, సిలోయములో గోపురం పడి చచ్చిన పద్దెనిమిది మంది మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. ఒకే అధ్యాయంలో పద్దెనిమిది మంది, పద్దెనిమిదేళ్లు. మన దిక్కు కాళ్లు వంకరపోయిన పిల్లల తల్లులను ఊరి వాళ్లు ఎన్ని మాటలన్నారో నేను పరిచర్యలో ఉన్నప్పుడు చెవులారా విన్నాను. ఆ మాటలకు జవాబు అక్కడుంది.

"మరి ఆమెను నిలబెట్టి మా నానమ్మను ఎందుకు నిలబెట్టలేదు" అని ఆ పిల్ల మళ్లీ అడిగితే, తెలియదనే చెప్పు. పౌలుకే కారణం విడమర్చి చెప్పలేదు.

సాక్షి_కల్వకుర్తి | 9:58

అయ్యగారూ, త్రోఫిము వచనం చాలాసార్లు చదివినా దాని మీద నిలవలేదు. నా సాక్ష్యం నాకుంటుంది. అయితే ఆ ముసలమ్మ విషయంలో లోపం అన్న మాట మాత్రం ఇక అనను.

లాజిక్_సూర్యాపేట | 10:15

టీచరమ్మా, ఒక సలహా, నా నోటి నుంచి వస్తే వింతగా ఉంటుంది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను, అందుకే ఈ వచనాలన్నీ నోటికొస్తాయి. 2 రాజులు 2వ అధ్యాయం చివర్లో ఎలీషా ప్రవక్త కథ ఉంది. యెరికో వాళ్లు వచ్చి, ఊరు బాగానే ఉంది గానీ నీళ్లు మంచివి కావు, భూమి నిస్సారంగా ఉంది అని మొరపెట్టుకుంటారు. ఎలీషా కొత్త పాత్రలో ఉప్పు తెమ్మని, ఊట దగ్గరికే పోయి అందులో వేస్తాడు. నీళ్లు బాగవుతాయి. యెరికోలో ఆ ఊటను ఇప్పటికీ ఎలీషా ఊట అనే అంటారు. ఉప్పుతో నీళ్లు బాగుపడ్డాయంటే నేను నమ్మను, అది వేరే సంగతి. కానీ రోగులను ఒక్కొక్కరినీ ముట్టకుండా నేరుగా నీళ్ల దగ్గరికి పోయిన అద్భుతం అదొక్కటే గుర్తొస్తోంది. మీ ఊరికి అదే సరైన పాఠం.

గద్వాల_కుర్రోడు | 10:21

నిర్గమకాండం 15లో మారా చేదు నీళ్లు కూడా ఉన్నయన్నా. మోషే చెట్టు వేస్తే తియ్యగైనయ్. ఒకటే కాదు.

లాజిక్_సూర్యాపేట | 10:24

క్విజ్ మాస్టర్‌కు దండం. రెండు.

చండూరు_టీచరమ్మ | 10:50

అన్నా, ఈ పాఠం మా సిలబస్‌లో లేదు, అయినా ఇదే పెట్టేస్తా. అయ్యగారు చెప్పిన పౌలు సంగతి ముందు, ఎలీషా తర్వాత. చివర్లో పిల్లలకు ఏదైనా చేసి చూపించాలని ఉంది. నల్గొండ టెక్నిక్ అంటారు కదా, పటికతో ఫ్లోరైడ్ తీసేది. గాజు గ్లాసులో బోరు నీళ్లు పోసి పటిక తిప్పి చూపించవచ్చా?

దేవరకొండ_నీళ్లాయన | సోమవారం, ఉదయం 7:15

గ్రామీణ నీటి సరఫరాలో చేసి రిటైరైనవాణ్ణి. బైబిల్ నాకు తెలియదు, నీళ్లు తెలుసు.

ఫ్లోరోసిస్‌ను దక్షిణ భారతంలో 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. మన దగ్గర గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పేరు.

గ్లాసులో చేసి చూపించవద్దమ్మా. పటిక వేస్తే బురద పేరుకుని నీళ్లు తేటగా అవుతాయి, పిల్లలు ఫ్లోరైడ్ పోయిందనుకుంటారు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, రుచి ఉండదు. అసలు పద్ధతిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు మూడూ కావాలి. కొద్దిసేపు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి పైనీళ్లు వంపుకోవాలి. పటిక ఎంతన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అనే దాన్ని బట్టి మారుతుంది. లెక్క తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. కింద పేరుకున్న మడ్డి ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి.

పిల్లలకు చూపించాలంటే ఇలా చేయండి. రెండు సీసాల్లో మీ ఊరి పాత బోరు నీళ్లు ఒకదాంట్లో, నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లు ఒకదాంట్లో పట్టి, నీటి పరీక్ష ల్యాబులో ఇవ్వండి. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి అంకెలు పిల్లలతోనే చదివించండి. సీసాలు ప్లాస్టిక్‌వే వాడండి, ఫ్లోరైడ్ శాంపిల్ గాజు సీసాలో ఉంచొద్దు. పేరు, తేదీ, బోరు ఎక్కడిదో చీటీ మీద రాసి అంటించండి, లేకపోతే ల్యాబువాళ్లు తీసుకోరు.